జాలు పట్టిన చెయ్యి

నాకు గర్భసంచి ఆపరేషన్ అయిందని మా ఊళ్ళో అందరికీ తెలుసు. నిజానికి నాకు ఆ ఆపరేషన్ కాలేదు. తీసింది కుడి రొమ్ము, దానితోపాటు కుడి చంకలోని బిళ్ళలు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా పొద్దు పట్టింది. అక్షరాలు రాక కాదు. యాభై దాటాక మహిళా సంఘం వాళ్ళు పెట్టిన సాయంత్రపు బడిలో నేర్చుకున్నాను. నెమ్మదిగానైనా తప్పుల్లేకుండా రాస్తాను. రొమ్ము అనే మాటను నా చేత్తో రాయడం మాత్రం ఇదే మొదలు. రాశాక కాసేపు కాగితం బోర్లా పెట్టి, పొయ్యి మీద అన్నం చూసి వచ్చాను.

ఆ అబద్ధం రైల్లో పుట్టింది. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని తిరిగి వస్తున్నాం. వికారాబాదులో చాలామంది దిగిపోయి పెట్టె ఖాళీ అయింది. మా ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"ఊళ్ళె అడుగుతరు గదా. ఏం చెప్దాం?"

"ఏమన్న చెప్పు. నీ ఇష్టం."

"గర్భసంచి తీసిన్రని చెప్దాం. అందరికి అయితనే ఉన్నది."

ఆ మాట వినగానే నాకు ఊపిరి ఆడింది. పెద్దేముల్ వైపు మా ఊళ్ళలో నా ఈడు ఆడవాళ్ళలో ఆ ఆపరేషన్ కానివాళ్ళు తక్కువ. అది మగవాళ్ళ ముందు కూడా చెప్పుకోగలిగిన ఆపరేషన్. తాండూరు స్టేషన్‌లో దిగే వరకు ఇద్దరం అదే అనుకుని ఖాయం చేసుకున్నాం. ఇంట్లో కొడుకుకూ కోడలికీ నిజం తెలుసు. వాళ్ళూ అదే చెప్పారు.

చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు రొట్టె ప్యాకెట్లూ బత్తాయిలూ తెచ్చి, తమ తమ ఆపరేషన్లు చెప్పుకున్నారు. "బిందె ఎత్తకు. లేచేటప్పుడు కడుపు పట్టుకొని లెవ్, లేకుంటె కుట్లు జారుతయి" అంది ఎదురింటామె. నేను కడుపు పట్టుకునే లేచాను. నొప్పి పైన, చెయ్యి కింద. ఆమె వెళ్ళిపోయాక కూడా మరిచిపోయి అట్లాగే లేచేదాన్ని.

తరువాత మందులు ఎక్కించారు, జుట్టు రాలింది. దానికీ మా ఆయనే దారి వెతికాడు. ఆపరేషన్ మంచిగా అయితే తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నామన్నాడు. నా తల ఒక్కటే బోడిగా ఉంటే ఎవరూ నమ్మరని, తాండూరు పోయి తానూ గుండు చేయించుకుని వచ్చాడు. గడపలో నిలబడి నెత్తి తడుముకుంటూ "జర చల్లగున్నది" అన్నాడు. నవ్వితే నాకు కుట్లు లాగాయి.

అంతకు ముందు సంగతి కూడా చెప్పాలి. స్నానం చేస్తుంటే రొమ్ములో పచ్చి రేగుకాయంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. మా ఆయనకు చీకట్లో చెప్పాను, ముఖం కనబడకుండా. తాండూరులో చూసినవాళ్ళు హైదరాబాదు పొమ్మన్నారు. "గడ్డల దవాఖాన" అని ఆయన నన్ను తీసుకుపోయాడు. గేటు మీద పెద్ద అక్షరాలున్నాయి. ఆటో డబ్బులిచ్చి ఆయన ఇటు తిరిగేలోపు కూడబలుక్కుని చదివాను. మొదటి అక్షరం దగ్గరే తెలిసిపోయింది.

"నిన్ను బడికెవరు పొమ్మన్నరే" అన్నాడు. తువాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

లోపల డాక్టరమ్మ నన్ను చూసినంతసేపు నేను గోడ మీది క్యాలెండరు చూశాను. ఆడమనిషే, అయినా చూడలేకపోయాను. రొమ్ములో గడ్డ ఉంటే చంక ఎందుకు కోయాలని మా ఆయన అడిగాడు. ఆమె తొందరపడకుండా చెప్పింది.

"చేతికి ముల్లు గుచ్చుకుంటే చంకలో బిళ్ళ కడుతుంది, చూశారా? ఆ బిళ్ళలు అందరికీ ఎప్పుడూ ఉంటాయి, మనకు తెలియదు. రక్తంలోంచి కొంత నీరు ఒంట్లోకి ఊరుతుంది. ఆ నీటిని పోగుచేసి మళ్ళీ రక్తంలో కలపడానికి వేరే సన్నకాలువలుంటాయి. దారిలో ఈ బిళ్ళలు జల్లెడల్లాగా చెడును పట్టి ఆపుతాయి. క్యాన్సర్ కూడా ఆ నీటిలోనే బయలుదేరుతుంది. ముందు చంక బిళ్ళల్లో చేరి అక్కడ పెరుగుతుంది. ఆ తరువాత ఇంకా ముందుకు పోతుంది. ఉన్న కాలువలు చాలకపోతే గడ్డ తన చుట్టూ కొత్తవి కూడా పుట్టించుకుంటుంది."

మా ఆయన తల వంచుకుని, "జాలు కాలువల వయ్యారిభామ గింజలు కొట్టుకొచ్చినట్టు" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు. మాది నల్లరేగడి. వాన ఎక్కువైతే నీళ్ళు ఇంకవు, చేనులో ఊట నిలుస్తుంది. దాన్నే జాలు అంటాం. జాలు పడితే కంది వేర్లు కుళ్ళి చేను వడిలిపోతుంది. అందుకని చేను అంచున సన్న కాలువ తీసి నీటిని వాగులోకి వదులుతాం. పైచేనులో వయ్యారిభామ పిచ్చిమొక్క ఉంటే, దాని గింజలు ఆ కాలువలోనే మన చేనులోకి వస్తాయి. కాలువలో చెత్త అడ్డం పడ్డచోట ముందుగా మొలుస్తాయి. నీళ్ళు పోవడానికి తీసిన దారే దానికీ దారి.

"అంతే నాన్నా" అంది డాక్టరమ్మ. "చెత్త అడ్డం పడ్డచోట మొలిచిందో లేదో చూడడానికే చంక కోసేది."

మొలిచింది. చంకలో ఉన్నవన్నీ తీశారు. పంపేటప్పుడు, ఇక ఆ చేతి నీటికి దారి తగ్గిందనీ, వాపు రావచ్చనీ, గీతలూ దెబ్బలూ తగలకుండా చూసుకోవాలనీ చెప్పారు. మేమిద్దరం ప్రాణం గురించే వింటున్నాం. చేతి గురించి చెప్పింది చెవిలో పడి పోయింది.

ఏడాది తిరిగాక, కందులు కొట్టే రోజుల్లో చెయ్యి బరువెక్కింది. మొదట రవిక చెయ్యి బిగిసింది, తరువాత గాజులు కదలడం మానేశాయి. సబ్బు పెట్టినా రాలేదు. మా ఆయన మెల్లగా పటకారుతో చిట్లగొట్టి తీశాడు. మగడు బతికుండగా చెయ్యి బోసిగా ఉండకూడదు. అవన్నీ ఎడమ చేతికే వేసుకున్నాను.

"ఇటు దిక్కు నుంచి చూసెటోనికి నేను సచ్చిన, అటు దిక్కు నుంచి చూసెటోనికి బతికున్న" అన్నాడు.

బయటికి పోతే కుడి చెయ్యి కొంగు కింద ఉండేది. ఎంత దాచినా ఊళ్ళో ఆడవాళ్ళ కళ్ళకు దాగదు. "గర్భసంచి తీస్తె చెయ్యెందుకు వాసింది?" అని ఒకామె అడిగింది. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. సంఘం మీటింగులో ఇంకొకామె "బోదకాలు తీర్గ బోదచెయ్యి అట, అంటుకుంటదేమో" అని పక్కామెతో గుసగుసలాడి చాప మీద నుంచి కొంచెం జరిగింది. నేను పెన్ను పట్టి సంతకం చేసి, మీటింగు కాకముందే ఇంటికి వచ్చాను. మా ఆయన ఈసారి "నరం తప్పింది" అని చెప్పడం మొదలుపెట్టాడు.

నరం తప్పిందన్న మాట బషీరాబాద్ వైపు ఇచ్చిన మా ఆడబిడ్డ దాకా పోయింది. ఆమె మా ఆయనకు అక్క. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి నన్ను పిల్లా అనే పిలుస్తుంది. కర్ణాటక అంచున ఉండి ఉండి మాటలో కన్నడం కలిసిపోయింది. సీసాడు ఆముదం పట్టుకుని బస్సు దిగింది.

"ఏనాయ్తు పిల్లా? చెయ్యి ఇటు పట్టు. మా ఊళ్ళె ఎంతమంది నరాలు కూసోబెట్టిన నేను."

ఆముదం వేడిచేసి, నా చేతిని తన మోకాలి మీద పెట్టుకుని, మణికట్టు నుంచి పైకి రొట్టెపిండి పిసికినట్టు పిసికింది. చెయ్యి పగిలిపోతుందేమో అనిపించింది. కోడలు తలుపు దగ్గర నిలబడి, "పెద్దత్తమ్మ, జర మెల్లగ" అంది.

"మెల్లగ పిసికితె నరమెట్ల కూసుంటది? నువ్వు పోయి చాయ్ పెట్టు."

కోడలు నా వైపు చూసింది. చెప్పెయ్యనా అని అడుగుతున్న చూపు. వద్దని కళ్ళతోనే అన్నాను. ఒక్క మాట చెబితే ఆ చేతులు ఆగిపోయేవి. ఆ మాట బదులు నొప్పినే ఓర్చుకున్నాను. ఆడబిడ్డ ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం పిసికింది. ఆమె బస్సెక్కేసరికి వాపు వేళ్ళ దాకా దిగింది. గరిటె పడితే జారిపోయింది. పెన్ను పట్టి నా పేరు రాస్తే, బడికి పోయిన మొదటి రోజు రాసినట్టు వచ్చింది.

అప్పుడు వికారాబాద్ పోయాం. అక్కడి ఒక దవాఖానలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఉంది. మా కోడలి ఈడే ఉంటుంది. చెయ్యి చూసి, ఎవరు పిసికారని అడిగింది. గట్టిగా పిసికితే మిగిలిన సన్నకాలువలు కూడా నలిగిపోతాయట. ఈ నీరు కండలో కాదు, చర్మం కిందనే ఉంటుంది. నూనె వద్దు. చర్మాన్ని మెల్లగా జరపాలి, అంతే.

"పాల మీద మీగడ చినగకుండ పక్కకు జరుపుతం, అట్లనా?" అని కోడలు అడిగింది.

"సరిగ్గా అట్లనే అక్కా."

మొదట మెడ దగ్గర, తరువాత అవతలి చంక, ఛాతీ, వీపు, చివరకు చెయ్యి. పోవాల్సిన చోటు ముందు ఖాళీ చేస్తేనే నీరు దిగుతుంది. ఆపైన పట్టీ చుట్టాలి. ఇది రోజూ చేయాలి, ఇంకొకరి చేతులు కావాలి. చేయకపోతే చెయ్యి గట్టిపడిపోతుంది, పెన్నూ గరిటే పట్టడం మరిచిపోవాల్సిందే. చిన్న గీత పడ్డా విషమెక్కుతుంది. చెయ్యి వేడెక్కినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా ముట్టుకోకుండా వెంటనే రావాలి. ఇంత చెప్పి, "రవిక తీయండి అమ్మా" అంది.

"కోడలు బయట కూసుంటది" అన్నాను.

"ఆమెనే కదా నేర్చుకోవాల్సింది."

నేను రవిక తీయలేదు. అమ్మాయి కోడలి భుజం మీదే చూపించింది. కోడలు తన చేతి మీదే నేర్చుకుంది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో తన ఎడమచేతిని మెల్లగా జరుపుకుంటూ కూర్చుంది. ఎదుటి సీటు ముసలాయన, "చీమలు కుట్టినయా బిడ్డా" అని అడిగాడు.

ఇంట్లో నేనే చేసుకుంటానన్నాను. తలుపు గడియ పెట్టుకుని, తాండూరు బండల మీద చాప పరుచుకుని పడుకునేదాన్ని. ఎడమ చెయ్యి మెడ దాకా పోతుంది, వీపుకు అందదు. మా ఇంట్లో అత్త చీర మార్చుకోవడం కూడా కోడలు చూడదు. అట్లాంటిది ఒకవైపు బల్లలాగా, పొడుగాటి మచ్చతో ఉన్న ఒంటిని ఎట్లా చూపించను? ఆ వైపు రవికలో పెట్టుకోవడానికి పాత చీర గుడ్డతో ఒక మెత్త కుట్టుకున్నాను. దాన్ని ఉతికి, తీగ మీద లంగా కింద ఆరేసేదాన్ని. ఒకనాడు గాలికి లంగా ఎగిరి మెత్త కింద పడింది. కోడలు దుమ్ము దులిపి, మళ్ళీ లంగా కిందనే పెట్టి, పైన పిన్ను పెట్టింది. ఆ రోజంతా నేను ఆమె వైపు చూడలేదు.

చెయ్యి ఏ మాత్రం తగ్గలేదు. ఒక మధ్యాహ్నం కోడలు తలుపు కొట్టి, గడియ తీసేదాకా నిలబడింది.

"అత్తమ్మ, చిన్నోడు పుట్టినప్పుడు నాకు నువ్వే నీళ్ళు పోసినవు, యాదికున్నదా?"

"ఉన్నది."

"నాకు మస్తు సిగ్గయింది. సిగ్గెందుకే, నేను చూడనిదా అన్నవు. అంటె పోతదా సిగ్గు? పోలే. ఇగ ఏం చేస్త, కండ్లు మూసుకున్న."

ఆ రోజు నేను ఆమెకు ధైర్యం చెప్పాననే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను.

"సిగ్గుపడకు అని నేను చెప్ప" అంది. "నేను కండ్లు మూసుకుంట. మీగడ జరపనీకి కండ్లెందుకు?"

నిజంగానే మూసుకుంది. నేను కొంగు కప్పుకుని పడుకుంటే, కొంగు కిందికి చెయ్యి పోనిచ్చి, మెడ దగ్గర మొదలుపెట్టింది. ఆ వేళ్ళు మచ్చ మీదికి వచ్చినప్పుడు నా ఒళ్ళు బిగుసుకుపోయింది. వేళ్ళు ఆగలేదు, తొందరపడలేదు. మచ్చ దాటి పోయాయి. కళ్ళు తెరుస్తుందేమోనని నేను ఆమె ముఖమే చూస్తూ పడుకున్నాను. తెరవలేదు. అన్నీ అయి పట్టీ చుట్టే వేళకు రవిక వేసుకుని, "ఇగ తెరువు" అన్నాను.

ఆ వేసవంతా అట్లాగే గడిచింది. చెయ్యి మెల్లగా మెత్తబడింది. పెన్ను నిలిచింది. కోడలు కళ్ళు మూసుకునే ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. ఎదురింటామె కొత్త ఫ్రిజ్జును ముందు గదిలో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ తలుపు తీసి చూపిస్తుందని చెబితే నవ్వుకున్నాం. సిగ్గు పోయిందా అంటే పోలేదు. రోజూ కొంగు కప్పుకునేటప్పుడు ఉండేది. దానితోనే పడుకునేదాన్ని.

మళ్ళీ చలికాలం వచ్చింది. పొయ్యిలోకి కందికట్టె విరుస్తుంటే కుడిచేతి వేలికి గీసుకుంది. పసుపు అద్దుకుని, చెబితే కోడలు కోప్పడుతుందని చెప్పలేదు. మరునాటి మధ్యాహ్నం ఆమె వేళ్ళు మెడ దాటి చంక దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

"అత్తమ్మ, ఇక్కడ కాలుతున్నది."

"ఎండ."

"ఎండ కాదు." చెయ్యి తీసేసింది. కళ్ళు ఇంకా గట్టిగానే మూసి ఉన్నాయి. "కండ్లు తెరవాల్నా?"

నాకూ పొద్దుటి నుంచి వణుకుగా ఉంది. చంకలో మళ్ళీ మొలిచిందా, చెయ్యి పోతుందా అని లోపల ఒకటే తిరుగుతోంది. అయినా నా నోటికి ముందు వచ్చిన మాట వద్దు అనే. అది అనకుండా పళ్ళు బిగబట్టుకున్నాను.

"అత్తమ్మ, నువ్వు చెప్పందే నేను తెరవ. జల్ది చెప్పు."

"తెరువు" అన్నాను.

కొంగు తీసింది. కిటికీ వెలుతురులో చూసింది. మచ్చ మీద ఆమె చూపు నిలవలేదు. చేతి లోపలి వైపు వేలి నుంచి చంక దాకా ఎర్రటి చార పాకి ఉంది. నాకు కనబడని వైపు అది. "లెవ్, పోదాం" అని, నా రవిక తానే తొడిగి గుండీలు పెట్టింది. మెత్త పెట్టుకుంటానంటే, "ఇప్పుడు అదెందుకు" అంది. మెత్త లేకుండానే గడప దాటాను, ఆటో ఎక్కాను, వికారాబాదు పోయాను. దారి పొడుగునా కుడి వైపు కొంగు పట్టుకునే ఉన్నాను.

గీత నుంచి విషమెక్కింది, క్యాన్సర్ తిరిగి రాలేదు అన్నారు. ఎడమ చేతికి సూదులు వేశారు. ఇంకా ఆలస్యమైతే చెయ్యే కాదు, మనిషి మీదికి వచ్చేదని కోడలితో చెబుతుంటే విన్నాను.

దవాఖానకు ఆడబిడ్డ వచ్చింది. మా ఆయన లేచి, "అక్కా, నరం..." అని మొదలుపెట్టాడు.

"నరం కాదు వదినె" అన్నాను. "గర్భసంచి కూడ కాదు. నాది రొమ్ము తీసిన్రు. క్యాన్సర్."

ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. నా తల వైపు చూసి అడిగింది.

"మరి నీ గుండు?"

"మందులకు రాలింది."

"వీని గుండు?"

"అబద్ధం నిలబడాలె గదా."

పక్క మంచం ఆమె నవ్వింది. మా ఆయన మందులు తెస్తానని బయటికి పోయాడు. ఆడబిడ్డ నవ్వలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "నేను అట్ల పిసుకుతుంటె చెప్పకపోతివి గదనే పిల్లా" అంది. నన్ను తిట్టినట్టు లేదు. ఆ చేతుల వైపు చూసినప్పుడు నేను పడ్డ సిగ్గు ముందు, నా ఒంటి గురించి పడ్డ సిగ్గు చిన్నదిగా అనిపించింది. అది ఇప్పటికీ నాకు పూర్తిగా చెప్పడం రాదు.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు చెయ్యి ముట్టుకోవద్దన్నారు. తరువాత మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మధ్యాహ్నం కోడలు వచ్చి చాప పరిచింది. నేను పడుకున్నాను. కొంగు కప్పుకోబోయి ఆగాను, కప్పుకోలేదు. ఆమె ఈసారి కళ్ళు మూసుకోలేదు. నేను మూసుకున్నాను.

"చెయ్యి జర వదులు చెయ్యి అత్తమ్మ" అంది.